నెలచందా లేని డిష్, ఇంట్లోనే రికార్డింగు: వరంగల్ వైపు ఇళ్ళకు ఏది సరిపోతుంది?

ఉచిత డిష్ పెట్టించుకునేవాళ్ళు దుకాణంలో మొదట అడిగేది "ఎన్ని చానళ్ళొస్తయి?" అని. రికార్డింగు కూడా కావాలంటే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఏ కార్యక్రమం దాచుకోవాలి? అది రికార్డవుతున్నంతసేపు ఇంట్లోవాళ్ళు ఇంకేం చూస్తారు? ఈ రెండూ తేలితే ఏ బాక్సో తేలుతుంది. బాక్సును బట్టి కేబుళ్ళెన్నో తెలుస్తుంది. గొడుగు (డిష్) సైజు సంగతి అన్నిటికన్నా చివర. చాలాచోట్ల ఇది తలకిందులుగా నడుస్తుంది: ముందు గొడుగు ఫిట్ చేసి, చేతికందిన బాక్సు అంటగట్టి పోతారు. రికార్డు బటన్ నొక్కినప్పుడు గానీ అసలు కథ బయటపడదు.

ఏమొస్తాయి, ఏవి రావు

చేదు మాట ముందే చెప్పుకుందాం. స్టార్ మా, జెమినీ, జీ తెలుగు, ఈటీవీ పే చానళ్ళు, అంటే డబ్బు కడితేనే వచ్చేవి. వాటి సీరియళ్ళు రికార్డు చేసుకోవడమే మీ అవసరమైతే ఉచిత డిష్ మీద ఖర్చు పెట్టొద్దు. నెలచందా డీటీహెచ్‌లో రికార్డింగు ఉన్న బాక్సు తీసుకోండి. అయితే ఆ బాక్సులో రికార్డు చేసినవి ఆ బాక్సులోనే ఆడతాయని, చందా ఆగితే అవి కూడా చేతికి రాకపోవచ్చని తెలిసే తీసుకోండి.

ఉచితంగా వచ్చేది ప్రసార భారతి నడిపే డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అన్న పేరుతో మొదలైంది. ఇప్పుడు 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 మీంచి వస్తోంది. మనకు డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి, మిగతా దూరదర్శన్ చానళ్ళు, ఆకాశవాణి కేంద్రాలు, హిందీ సినిమాలు, వార్తలు, భక్తి చానళ్ళు దొరుకుతాయి. ప్రైవేటు చానళ్ళ చోట్లు ఈ-వేలంలో అమ్ముతారు, కాబట్టి జాబితా ఏటా మారుతుంది. కొనేముందు పక్కింట్లో ఫ్రీ డిష్ ఉంటే ఆ బాక్సులో కొత్తగా స్కాన్ చేయించి చూడటం కంటే నమ్మకమైన జాబితా లేదు.

క్రికెట్ ఇష్టమున్నవాళ్ళకు ఒక లాభం. 2007 నాటి క్రీడా ప్రసారాల చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యమున్న మ్యాచ్‌ల ప్రసారాన్ని ప్రైవేటు సంస్థలు ప్రసార భారతితో పంచుకోవాలి. అలా పంచుకున్న సిగ్నల్ దూరదర్శన్ సొంత వేదికల మీదే చూపాలని, కేబుల్‌కు పోకూడదని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. అందుకే కేబుల్ కనెక్షన్‌లో కనిపించని మ్యాచ్ కొన్నిసార్లు ఫ్రీ డిష్‌లో వస్తుంది.

పాత యాగీ యాంటెన్నా ఇంకా బంగ్లా మీద ఉంటే దించేయొచ్చు. దూరదర్శన్ పాత పద్ధతి అనలాగ్ టవర్లు 2022 నాటికి దాదాపు దేశమంతటా మూతపడ్డాయి. దాని జీఐ పైపు మాత్రం పారేయకండి, డిష్‌కు పనికొస్తుంది.

బాక్సు: అసలు తేడా ఇక్కడే

చౌకలో చౌక, పాత ఎంపెగ్-2 బాక్సు (ఎంపెగ్-2, ఎంపెగ్-4 అనేవి బొమ్మను కుదించి పంపే పాత, కొత్త పద్ధతులు). యూఎస్‌బీ ఉన్నా అందులో చాలావాటికి పాటలు ఆడించడం వచ్చు గానీ రికార్డింగు రాదు. పైగా ఎంపెగ్-4లో వచ్చే చానళ్ళు వీటికి కనిపించవు, లేదా మాట వినిపించి బొమ్మ రాదు. ఎవరైనా ఊరికే ఇచ్చినా రికార్డింగు కోసం దీన్ని పెట్టుకోవద్దు.

రెండోది ఎంపెగ్-4, డీవీబీ-ఎస్2 (కొత్త తరం ఉపగ్రహ ప్రసార పద్ధతి) ఉన్న ఉచిత చానళ్ళ బాక్సు. వరంగల్, హన్మకొండ, కరీంనగర్‌లలో ఎక్కువ ఇళ్ళకు సరిపోయేది ఇదే. గొడుగు, కేబుల్‌తో కలిపి మామూలు సెట్టు దాదాపు 2,000 రూపాయల్లో అయిపోతుంది. రికార్డింగుకు పెట్టే డిస్కు ఖర్చు దీనికి అదనం. కొనేటప్పుడు డబ్బా మీద "పీవీఆర్" (రికార్డింగు ఉన్న బాక్సు) అని రాసి ఉందని నమ్మి ఊరుకోకండి. దుకాణంలోనే పెన్‌డ్రైవ్ పెట్టించి, రెండు నిమిషాలు రికార్డు చేయించి, ఆ ఫైలు అక్కడే ఆడించి చూడండి. కొన్ని బాక్సుల్లో రికార్డింగు మెనూ ఉంటుంది, పని మాత్రం చేయదు. ఇంకొన్నిటిలో టైమర్ ఉంటుంది గానీ అందులో "రికార్డు" అన్న ఎంపిక ఉండదు. అలాంటి టైమర్ సమయానికి చానల్ మార్చి ఊరుకుంటుంది. రిమోట్ మీద ఎర్ర చుక్క బటన్, టైమర్‌లో రికార్డు, మళ్ళీ అందులో ఒకసారి, రోజూ, వారానికోసారి అన్న ఎంపికలు: ఇవి మూడూ కళ్ళారా చూసి కొనండి.

ఈ బాక్సులో ట్యూనర్, అంటే సిగ్నల్ పట్టే భాగం, ఒక్కటే. ఒకటి రికార్డవుతుంటే ఇంకోటి చూడలేమా అంటే, రెండు చానళ్ళూ ఒకే ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహంలో కొన్ని చానళ్ళను కలిపి ఒకే ఫ్రీక్వెన్సీ మీద పంపే భాగం) మీద ఉంటే కొన్ని బాక్సుల్లో చూడొచ్చు. చానల్ సమాచారంలో ఫ్రీక్వెన్సీ కనిపిస్తుంది. రెండిటికీ 11090 అని ఉంటే రెండూ ఒకే బండిలో వస్తున్నట్టు. ఒకదానికి 11090, ఇంకోదానికి 11170 ఉంటే కుదరదు.

మూడో దారి, టీవీలోనే ఉన్న శాటిలైట్ ట్యూనర్. ఇలాంటి టీవీలకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం కూడా ఉంది, ఐఎస్ 18112:2022. టీవీ వెనక "శాటిలైట్ ఇన్" అని మర కనెక్టర్ ఉంటే బాక్సు అక్కర్లేదు, రిమోట్ ఒక్కటే, వైర్లు తక్కువ. చూడటానికి బాగుంటుంది. రికార్డింగుకు మాత్రం రెండు చిక్కులున్నాయి. కొన్ని మోడళ్ళలో రికార్డింగు అసలు తీసేస్తారు. ఉన్నవాటిలో చాలావరకు ఫైలుకు తాళం వేస్తాయి: ఆ టీవీలో తప్ప కంప్యూటర్లో ఆడదు, టీవీ పాడైతే రికార్డింగులన్నీ పోయినట్టే. మనవరాలి బతుకమ్మ ఆట డీడీ యాదగిరిలో వచ్చిందని దాచుకోవాలనుకునేవాళ్ళకు ఇది పనికిరాదు. నిన్న రాత్రి వార్తలు ఈరోజు చూసి చెరిపేసేవాళ్ళకు చాలు.

నాలుగోది రెండు ట్యూనర్ల లినక్స్ బాక్సు, లేదా పాత కంప్యూటరుకు డీవీబీ-ఎస్2 కార్డు పెట్టి టీవీహెడ్‌ఎండ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ నడపడం. ఇందులో ఒకటి రికార్డు, ఒకటి చూడటం హాయిగా సాగుతుంది. ఒక ట్రాన్స్‌పాండర్ మీది నాలుగైదు చానళ్ళు ఒకేసారి రికార్డు చేయొచ్చు. ఇంట్లోని ఫోన్లలో, రెండో టీవీలో వైఫై మీద చూడొచ్చు. కానీ కార్డు కొనేముందు లినక్స్‌లో దానికి డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) ఉందో లేదో చూసుకోవాలి. యూఎస్‌బీ ట్యూనరైతే దానికి విడిగా 12 వోల్టుల అడాప్టర్ ఉండాలి, యూఎస్‌బీ కరెంటుతో ఎల్‌ఎన్‌బీ (గొడుగు ముందు కడ్డీ చివర తరంగాలు పట్టే పరికరం) నడవదు. కంప్యూటరు తెరిచి చూడటం సరదా ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే ఇంతకన్నా మంచిది లేదు. లేకపోతే ఆర్నెల్లలో అటక ఎక్కుతుంది.

రెండు ట్యూనర్లకు రెండు కేబుళ్ళు కావాలా? ఎల్‌ఎన్‌బీకి బాక్సు 13 వోల్టులు పంపితే నిలువు తరంగాలు, 18 పంపితే అడ్డ తరంగాలు వస్తాయి. 11090, 11170 ఫ్రీక్వెన్సీలు నిలువువి, కింది బ్యాండులోవి. చూసేదీ రికార్డు చేసేదీ ఒకే తీరువైతే, కరెంటు పోనిచ్చే మామూలు శాటిలైట్ స్ప్లిటర్‌తో ఒకే కేబుల్ రెండు ట్యూనర్లకు పంచొచ్చు. ఒక ట్యూనర్ అడ్డ తరంగాలు అడిగిందంటే 18 వోల్టులు గెలుస్తుంది, రెండోదానికి "సిగ్నల్ లేదు" అని వస్తుంది. వేరే ఉపగ్రహాలు కూడా పట్టాలనే ఆలోచన ఉంటే మొదట్లోనే రెండు కనెక్టర్లున్న ట్విన్ ఎల్‌ఎన్‌బీ వేసి రెండు కేబుళ్ళు లాగించండి. గోడలో పైపు ఒకసారి పూడ్చాక రెండో కేబుల్ లాగడం ఎంత పనో ఇల్లు కట్టించినవాళ్ళందరికీ తెలుసు.

పెన్‌డ్రైవా, హార్డ్ డిస్కా?

రికార్డింగు చెడిపోయిందన్న ఫిర్యాదుల్లో గొడుగు తప్పు తక్కువ, డిస్కు తప్పు ఎక్కువ. లెక్క చూద్దాం. మామూలు ఎంపెగ్-2 చానల్ సెకనుకు 3 మెగాబిట్లనుకుంటే గంటకు 1.35 జీబీ. 6 మెగాబిట్ల హెచ్‌డీ చానలైతే గంటకు 2.7 జీబీ. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో మామూలు చానల్ 20 గంటలకు పైనే పడుతుంది. 500 జీబీ డిస్కులో 350 గంటలు దాటుతుంది. చోటు సమస్య కాదన్నమాట.

సమస్య రాసే వేగం. చౌక పెన్‌డ్రైవ్‌లు రాస్తూ రాస్తూ మధ్యలో ఒక సెకను ఆగుతాయి, ఆ సెకనులో వచ్చిన బొమ్మ పోతుంది. చూసేటప్పుడు చదరపు ముక్కలుగా విరిగి, మాట తెగుతుంది. వాన సిగ్నల్‌ను తిన్నప్పుడు కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది, అందుకే మెకానిక్ వచ్చి గొడుగు తిప్పి పోతాడు. తేడా పట్టడం తేలిక: ప్రత్యక్షంగా బొమ్మ బాగుండి రికార్డింగులోనే విరిగితే తప్పు డిస్కుది. టైమ్‌షిఫ్ట్ (చూస్తున్నదాన్ని ఆపి, వెనక్కి తిప్పుకునే సౌకర్యం) తనంతట తానే నడిచేలా మెనూలో ఉంటే ఆపేయండి. టీవీ ఆన్‌లో ఉన్నంతసేపూ అది రాస్తూనే ఉండి పెన్‌డ్రైవ్‌ను అరగదీస్తుంది.

హార్డ్ డిస్కు పెడితే ఇంకో తిప్పలు. బాక్సు యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు. చిన్న 2.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో దాదాపు దానికి రెట్టింపు లాగుతుంది. డిస్కు టిక్కు టిక్కుమంటుంది, లేదా రికార్డు నొక్కగానే బాక్సు ఆగి మళ్ళీ మొదలవుతుంది. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెడితే సరి. చిన్న ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ డబ్బాలో పెట్టడం ఇంకా నయం: తిరిగే చక్రం లేదు, తక్కువ కరెంటుతో మొదలవుతుంది, ఎండాకాలం టీవీ బల్ల వెనక వేడికీ తట్టుకుంటుంది.

ఫార్మాట్ సంగతి. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కులో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు, కాబట్టి మూడు గంటల సినిమా రెండు ముక్కలవుతుంది. బాక్సు తనే ముక్కలు చేసి వరసగా ఆడిస్తే పర్వాలేదు. కొన్ని మాత్రం 4 జీబీ దగ్గర రికార్డింగు ఆపేస్తాయి. ఎన్‌టీఎఫ్ఎస్ అన్న ఇంకో ఫార్మాట్‌ను చదివే బాక్సైతే దానిలోనే పెట్టండి. ఏదైనా సరే, డిస్కును కంప్యూటర్లో కాకుండా బాక్సు మెనూలోనే ఫార్మాట్ చేయించండి. రికార్డైన టీఎస్ ఫైళ్ళు కంప్యూటర్లో వీఎల్‌సీ ఆడిస్తుంది.

ఇక కరెంటు. రికార్డవుతుండగా కరెంటు పోతే ఫైలు చివర మూసుకోదు, ఒక్కోసారి డిస్కు మొత్తం చదవడం మానేస్తుంది. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కూడా, కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ కొద్ది క్షణంలో కొన్ని బాక్సులు రీస్టార్ట్ అవుతాయి. రీస్టార్ట్ అయ్యాక సగంలో ఉన్న రికార్డింగు మళ్ళీ అందుకోదు. చాలా ఉచిత బాక్సులు 12 వోల్టుల అడాప్టర్ మీద నడుస్తాయి. అలాంటిదే ఎంచుకుంటే వైఫై రౌటర్‌కు పెట్టే చిన్న 12 వోల్టుల యూపీఎస్ దీనికీ సరిపోతుంది. బాక్సు అడాప్టర్ మీద రాసిన ఆంపియర్లు యూపీఎస్ ఇచ్చేదానికి లోపు ఉండాలి, అంతే. నేరుగా 230 వోల్టుల తీగ ఉన్న బాక్సుకు ఈ సుఖం లేదు. రెండు బాక్సుల మధ్య తేల్చుకోలేకపోతే ఈ ఒక్క కారణం చాలు 12 వోల్టులదాన్ని తీసుకోవడానికి.

గొడుగు: 60 సెంటీమీటర్లా, 90నా?

ఎండాకాలం 60 సెంటీమీటర్ల గొడుగు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. జులై, ఆగస్టు ముసురులో కేయూ బ్యాండు (చిన్న గొడుగులకు వచ్చే ఎక్కువ ఫ్రీక్వెన్సీ) తరంగాలను వాన మింగేస్తుంది. చూసేవాళ్ళకు పది నిమిషాలు విసుగు, అంతే. రికార్డింగుకు ఆ పది నిమిషాలు పోయినట్టే. 90 సెంటీమీటర్లదానికి వైశాల్యం రెండుంపావు రెట్లు, సిగ్నల్ దాదాపు మూడున్నర డెసిబెళ్ళు ఎక్కువ. సాధారణ వానకు అది చాలు, కుండపోతకు ఏదీ చాలదు. మామూలుగా చూడటానికైతే 60, రికార్డింగు ముఖ్యమైతే 75 లేదా 90 పెట్టించండి. 90ది గాలికి ఎక్కువ ఊగుతుంది, పిట్టగోడకు రెండు స్క్రూలతో వేలాడదీస్తే నిలవదు. పైపును సిమెంటులో పాతాలి, లేదా నాలుగు యాంకర్ బోల్టులు వేయాలి.

వరంగల్‌లో గొడుగు చూడాల్సిన దిక్కు ఉత్తరం నుంచి కుడివైపుగా లెక్కిస్తే సుమారు 141 డిగ్రీలు, అంటే ఆగ్నేయానికి కొద్దిగా దక్షిణం. ఎత్తు సుమారు 63.5 డిగ్రీలు. కరీంనగర్‌లో 141, 63, నిజామాబాద్‌లో 139, 62, ఆదిలాబాద్‌లో 141.5, 61. ఇంత నిటారుగా పైకి చూడాలా అని ఆశ్చర్యపోకండి: ఇంట్లో వాడే ఆఫ్‌సెట్ గొడుగు చూపు దాని ముఖం కంటే ఇంచుమించు 24 డిగ్రీలు పైకి ఉంటుంది, అందుకే కంటికి 40 డిగ్రీలే వంచినట్టు కనిపిస్తుంది. ఎల్‌ఎన్‌బీని కూడా తిప్పాలి. గొడుగుకు ఎదురుగా నిలబడి చూస్తే కనెక్టర్ గడియారంలో 6 దగ్గర కాకుండా 7 కొంచెం దాటి ఉండాలి, సుమారు 36 డిగ్రీలు. హడావుడిగా వచ్చిన మెకానిక్ దీన్ని వదిలేస్తాడు. ఎండలో బొమ్మ వస్తుంది కాబట్టి ఎవరికీ పట్టదు, తొలకరికి తెలుస్తుంది.

బాక్సులో ఎల్‌ఎన్‌బీ రకం యూనివర్సల్, 9750/10600 అని పెట్టి, 11090 నిలువు, సింబల్ రేటు 29500 మీద సిగ్నల్ నాణ్యత పట్టీ చూస్తూ బిగించండి. బలం అన్న పట్టీని పట్టించుకోవద్దు, గొడుగు ఆకాశంలో ఎటు చూసినా అది కొంత చూపిస్తుంది. నాణ్యత గరిష్ఠానికి వచ్చాక ఒక్కో నట్టు కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించాలి. ఒకేసారి ఒక పక్క బిగిస్తే గొడుగు అర డిగ్రీ జరుగుతుంది.

ఇక సీ బ్యాండు, అంటే పెద్ద గొడుగుతో పట్టే తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు. తెలుగు వార్తలు, భక్తి చానళ్ళు ఇంకొన్ని ఉచితంగా కావాలనుకునేవాళ్ళు ఆరడుగుల పెద్ద గొడుగు వైపు చూస్తారు. వానకు ఇది దాదాపు చలించదు, రికార్డింగుకు అది పెద్ద వరం. 83 డిగ్రీల జీశాట్-30 కోసమైతే వరంగల్‌లో దిక్కు 169, ఎత్తు 68 దాటి ఉంటుంది, దాదాపు నడినెత్తికి దగ్గర. సీ బ్యాండు ఎల్‌ఎన్‌బీకి బాక్సులో 5150 పెట్టాలి. కానీ ఆరడుగుల గొడుగు గాలికి ఎదురు నిలిపేది రెండున్నర చదరపు మీటర్లు, రేకుల ఇంటి మీద దీని ఊసే వద్దు. ఇంకోటి: దేశంలో 5జీ 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్ వరకు వాడుతోంది, సీ బ్యాండు చానళ్ళు 3700 పైన ఉంటాయి. పాత ఎల్‌ఎన్‌బీలు 3400 నుంచే వింటాయి. ఇంటికి దగ్గర్లో 5జీ టవర్ లేస్తే నిన్నటిదాకా వచ్చిన చానళ్ళు ఒక్కసారిగా పోతాయి. మందు ఒక్కటే, ఫీడ్‌హార్న్‌కూ (తరంగాలు పట్టే గరాటు) ఎల్‌ఎన్‌బీకీ మధ్య 3700-4200 ఫిల్టర్ బిగించడం. ఈ ఖర్చూ కలుపుకుని లెక్క వేసుకోండి. ఒకటి రెండు చానళ్ళ కోసం పెద్ద గొడుగు దండగ. ఊరికి కొసన పెద్ద బంగ్లా ఉండి, రోజూ గంటల కొద్దీ రికార్డు చేసేవాళ్ళకైతే సరే. చిన్న డిష్, పెద్ద డిష్ రెండూ ఉంటే కావాల్సిన గొడుగుకు మార్చే డైసెక్ స్విచ్‌తో ఒకే బాక్సుకు కలపొచ్చు.

టైమర్ తప్పే చోట్లు

బాక్సు గడియారం ఉపగ్రహం నుంచి గ్రీన్‌విచ్ సమయం తీసుకుంటుంది. మెనూలో +5:30 పెట్టకపోతే సాయంత్రం 7 గంటల వార్తలకు పెట్టిన టైమర్ అయిదున్నర గంటలు అటో ఇటో నడుస్తుంది. తెర మీద కార్యక్రమాల పట్టిక ఖాళీగా ఉన్న చానళ్ళు చాలా ఉంటాయి, కాబట్టి సమయం చేత్తోనే వేయాలి. మొదలుకు అయిదు నిమిషాల ముందు, ముగింపుకు పది నిమిషాల తర్వాత అని పెట్టండి. మేడారం జాతర లాంటి ప్రత్యక్ష ప్రసారాలకు గంట అదనం పెట్టినా తప్పులేదు. బాక్సును రిమోట్‌తో స్టాండ్‌బైలో పెట్టాలి. పడుకునేముందు గోడ స్విచ్ ఆపే అలవాటున్న ఇంట్లో టైమర్ రికార్డింగు ఎన్నటికీ జరగదు. ఆ స్విచ్ మీద టేపు అతికించండి. చానళ్ళ చోట్లు మారినప్పుడు పాత టైమర్ పాత చోటునే పట్టుకుని నల్ల తెర రికార్డు చేస్తుంది. కాబట్టి కొత్తగా స్కాన్ చేసిన ప్రతిసారీ టైమర్లు చెరిపి మళ్ళీ వేయాలి.

కేబుల్‌కు ఆర్‌జీ-6 వాడండి, బయట అతుకులు లేకుండా ఒకే ముక్క. ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్‌కు రబ్బరు తొడుగు వేసి, కేబుల్‌ను కిందికి ఒక చుట్టు వదిలి పైకి తేవాలి. నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది, కనెక్టర్‌లోకి దిగదు. కోతులు తిరిగే వాడల్లో గొడుగు కంటే ఎల్‌ఎన్‌బీ కడ్డీకే ప్రమాదం: పట్టుకుని ఊగుతాయి, ఒక సెంటీమీటర్ వంగినా సిగ్నల్ పోతుంది. కడ్డీ రెండు పక్కలా గొడుగు అంచుకు పట్టీలున్న రకం కొనండి, కేబుల్‌ను పైపు లోపలి నుంచి దించండి. పిడుగుల కాలంలో మబ్బు పట్టగానే, ఉరుములు మొదలవకముందే బాక్సు వెనక కేబుల్ ఊడదీయండి. ముందు గోడ ప్లగ్గు పీకి, ఆ తర్వాతే ఊడదీయాలి. బాక్సు ఆన్‌లో ఉండగా కనెక్టర్ మధ్య తీగ పక్క లోహానికి తగిలితే ఎల్‌ఎన్‌బీకి పోయే 13 వోల్టులు షార్టయి ట్యూనర్ కాలిపోవచ్చు.